బస్తాలు కుట్టే మిషన్‌కు బ్యాటరీ

బ్యాటరీ అన్న మాట ఇంటెనే నేను ఆడికెల్లి లేచిపోత. ఎవరన్న కొత్త టార్చిలైట్ కొనుక్కొచ్చి "చూడు, ఎంత పవరో" అని మొఖం మీద కొడితె "తియ్యి అవతల" అని కసురుకుంట. నాకేం పిచ్చి లేదు. పోయిన యాసంగిల వడ్ల సెంటర్ల నేను పడ్డ రోత ఎవరు పడ్డా గట్లనే కసురుకుంటరు.

ముందుగాల నా పనేందో చెప్పాలె. మాది బాన్సువాడ పక్కపొంటి తండా. నిజాంసాగర్ కాల్వ కింద కౌలుకు వరి ఏస్తం. కోతలైనంక వడ్లన్ని ఊరి బయట, వడ్లు కొనే సెంటర్‌కు వస్తయి. ఆడ ఆరబోస్తరు, తూర్పారబడ్తరు, సంచులల్ల నింపి కాంటా పెడ్తరు. కాంటా అయిన సంచి మూతి కుట్టేది నేను. చేతుల పట్టుకునే మిషన్ ఉంటది, సొరకాయంత. దానికి పిడి, పిడి కింద మీట. పట్టీ భుజానికి తగిలించుకొని, సంచి మూతి మడిచి మీట నొక్కితె టకటక కుట్టుకుంట పోతది. మునుపు కరెంటు మిషన్ ఉండె. వైరు కుప్పల మీదికెల్లి గుంజుకుంట తిరగాలె, ఎవడో ఒకడు కాలు తట్టి పడాలె, కరెంటు పోతె అందరు బీడీలు ముట్టియ్యాలె. అందుకే మా మహిళా సంఘం బ్యాటరీది తెచ్చింది.

ఆ మిషన్ నాకెందుకంత ముఖ్యమంటె, నా నడుము. ఒకసారి సంచి లేపంగ నడుముల ఏదో తెగినట్టయింది. దవాఖానల డాక్టరమ్మ ఎక్స్‌రే పోటువలు చూసి "ఇగ మోసుడు, వంగుడు బంద్" అన్నది. మోయకుంట, వంగకుంట వడ్ల సెంటర్ల ఏం పనుంటది? ఇదొక్కటే. నిల్చొని కుట్టుడు. మిషన్ నడిస్తె నాకు కూలి. మిషన్ ఆగితె హమాలోళ్లు దబ్బనాలు, సుతిలి తీసి చేతులతోని కుట్టుకుంటరు, నన్ను పోయి వడ్లు ఎండకు పలుచగ పరిచి నేర్పుమంటరు. ఒక్క పూట వంగి నేర్పితె రెండు పూటలు మంచంల పడ్త. మా ఆయన కోత మిషన్ మీద జుక్కల్ దిక్కు పోతె నెలకోసారి మొఖం చూపిస్తడు. ఇంట్ల పొయ్యి నా కూలి మీదనే మండాలె.

ఇగ ఆ మిషన్‌తోని వచ్చిన బ్యాటరీ ప్యాక్ యాసంగి మొదట్లనే పాణం ఇడిసింది. ప్యాకంటె ఒక నల్ల ప్లాస్టిక్ డబ్బ. లోపల బొటనవేలి కన్న లావు సెల్లులు వరుసకు పేర్చి, రేకు పట్టీలతోని అతికించి ఉంటయి. నేను సంఘం లీడరమ్మ కాడికి పోయిన. "అక్కా, బ్యాటరీ పోయింది" అన్న.

"ఇప్పుడు సంఘంల పైసల్లేవు చెల్లె. మిషనంటె సంఘానిది గని బ్యాటరీ నీ పని సామాను. నువ్వే చూసుకో" అన్నది. నవ్వుకుంట అన్నది గూడ. ఆ నవ్వు చూస్తె నాకు ఒళ్లు మండింది. గని పని నాకు కావాలె, ఆమెకు కాదు. ఏం చేస్త?

ఈడ మా బావ వస్తడు. బావ అంటె మా ఆయన అన్న. మా తండల ఆయన అరచేయికి పెద్ద పేరు. వడ్లు పిడికెడు తీసి అరచేతుల పోసుకొని జర ఎగరేసి, "గిండ్ల తాలున్నది" అంటె ఉన్నట్టే, "లేదు" అంటె లేనట్టే. పుచ్చకాయైనా, మేకపిల్లైనా, వెండి కడియమైనా అరచేతులనే తూకం. బరువుంటె అసలు, లేకుంటె నకలు. ఇది ఆయన శాస్త్రం. మా అత్తకైతె కొడుకు అరచేయి దేవుని పలుకు. బ్యాటరీ తెచ్చే పని అడగకున్న మీదేసుకున్నడు. నా పైసలే తీస్కొని బిచ్కుంద అంగడికి పోయిండు.

పొద్దుమూకె టైముకు వచ్చి, తువాల ఇప్పి సెల్లులు మంచం మీద పోసిండు. ఎర్రగ నిగనిగ మెరుస్తున్నయి. ఒక్కోదాని మీద తొమ్మిది వేల తొమ్మిదొందలని పెద్ద నంబరు. పాతదాని మీద రెండు వేల చిల్లరే ఉండె.

"ఇంతకు నాలుగింతల తాకతు" అన్నడు బావ. "బండాయన సగం మరాఠి, సగం తెలుగు మాట్లాడుతుండు. నన్నే మోసం చేద్దామనుకున్నడు. తేలికయి ఇస్తుండె. నేను చేతుల పెట్టి చూసి, తక్కెడ లెక్క బరువైనయి ఏరుకొచ్చిన. పట్టి చూడు."

పట్టి చూసిన. నిజంగనే బరువున్నయి. మా అత్త "నా కొడుకు" అని మెటికలిరిసింది.

బస్టాండు ఎనుక బ్యాటరీలు రిపేరు చేసే దుకాన్ల సెల్లులు డబ్బల ఏపిచ్చుకొచ్చిన. ఛార్జింగ్ పెట్టంగనే ఎంటనే పచ్చ లైటు ఎలిగింది. "చూసినవా, ఎంత జల్ది నిండిందో" అన్నడు బావ. పొద్దుగాల సెంటర్ల మీట నొక్కిన. టకటక మొదలువెట్టి నాలుగైదు సంచులకే గొంతు దిగింది. గుర్రుగుర్రు మని, సూది సంచి మధ్యలనే దిగబడి ఆగింది. దారం ఉండలు కట్టింది. ఎనుక లైనుల సంచులు, వాటెనుక హమాలోళ్లు, వాళ్లందరి కండ్లు నా మీద. హమాలి మేస్త్రి పొగాకు నలుపుకుంట అన్నడు, "చెల్లె, కుడ్తవా? దబ్బనాలు తియ్యమంటవా?"

బావ ఏమన్నడో ఎర్కేనా? "ఆడలేక మద్దెల ఓడన్నదట. మీట అంత గట్టిగ ఒత్తితె ఏ బ్యాటరీ ఆగుతది?" నలుగురి ముంగట అన్నడు. నా పైసలు పెట్టి తెచ్చిన సెల్లులు, నా చేతులే తప్పు!

నేను సీదా రిపేరు దుకానుకు పోయిన. ఆ దుకాను చెప్పుకుంటె అన్నం తినబుద్ధి కాదు. గడప కాడ గుట్కా ఉమ్మేసి ఉమ్మేసి గోడ కమిలి ఉన్నది. బల్ల మీద చాయ్ గ్లాసుల ఈగ పడి తేలుతుంటె ఆ రిపేరాయన ఏలితోని తీసి ఇసిరేసి, మిగిలింది తాగిండు. నా కండ్ల ముంగటనే! తాగి, ఒక ఎర్ర సెల్లు తీసుకొని కట్టరుతోని కడుపు కోసిండు. లోపల చిటికెన ఏలంత సెల్లు. దాని చుట్టు ఇసుక. సన్నది, తెల్లది, జల్లెడ పట్టినట్టున్నది. బరువు కోసం పోసిండ్రు. పైన పటారం, లోన లొటారం.

"ముందుగాల ఏసినప్పుడు చెప్పకపోతివి?" అన్న.

"నువ్వు ఎయ్యమన్నవు, ఏసిన. మంచియా అని అడిగినవా అక్కా?" అన్నడు. పళ్లన్ని ఎర్రగ. తూ! ఆ మాటకు కొట్టాలనిపించింది గని ఒకటి మాత్రం అక్కడనే తెలిసింది. మరి ఎట్లాంటియి కొనాలె అని అడిగితె ఆయనే అన్నడు, "నీ మిషన్ ఒక్కసారే గట్టిగ గుంజుతది. సెల్లుల ఎంత ఉన్నదన్నది కాదు, ఒక్కసారి ఎంత ఇడుస్తదన్నది చూసుకోవాలె." చెరువు ఎంత పెద్దదైతేంది, తూము సన్నగుంటె మడికి నీళ్లు పారుతయా? నాకు అట్ల అర్థమైంది. అర్థమై ఏం లాభం? అంత తెలిసినోడు మల్ల నాకు అంటగట్టింది ఏంది?

"నా కాడ ఒరిజినల్ ఉన్నయి. నీలంయి. గట్టిగ ఇడుస్తయి" అన్నడు. కొత్తగ మెరుస్తున్నయి. పని ఆగుతదన్న ఫికర్‌ల ఉన్న, సరే అన్న. అవి ఒక పూట నడిచినయి. నిజం చెప్పాలె, మంచిగనే నడిచినయి. రెండో పూటకు డబ్బ ఏడెక్కుడు షురువైంది. తెల్లారి పగటికల్ల పట్టుకోరాకుంట అయింది. ఏదో తియ్యటి వాసన, గోర్ల రంగు సీస మూత తీసినట్టు. అది ముక్కుకు తగిలితె అన్నం కాడ గూడ గుర్తొస్తుండె. నేను డబ్బ మిషన్ల నుంచి ఊడదీసి, ఇది మంచిగ లేదు, రేపు వాపసిస్తనని సెంటర్ల గోనెసంచి మీద పెట్టి నీళ్లు తాగనీకె పోయిన. గంతే. నేను చేసిన పని గంతే.

మా తండల చిన్నప్పుడు టార్చి సెల్లులు అయిపోతె ఇంటి కప్పు మీద ఎండల పెడుతుండె. నిజంగనే మల్ల రెండు రోజులు ఎలుగుతుండె. రేడియో సెల్లులు గూడ గంతే. మా బావ ఆ కాలం మనిషి. నేను నీళ్లు తాగి వచ్చేవరకు డబ్బ ఇప్పి, లోపలి సెల్లుల గుత్తి తీసి, టార్పాలిన్ మీద ఆరబోసిన ఆయన వడ్ల అంచున ఎండల పెట్టిండు. పగటి పన్నెండు. కాలు పెడితె కాలు కాలే ఎండ. పక్కన గొంతుకూసొని బీడీ తాగుతుండు, పంటకు కావలి ఉన్నట్టు.

"బావా, ఏంది గది?"

"నెమ్ము చేరింది. ఎండకు పాణం వస్తది. నీకేం ఎర్క."

"ఇవి ఆ సెల్లులు కావు, తియ్యి" అన్న. తియ్యలె. ఆడిది చెప్తె తీస్తడా? నేనే పోయి తీద్దామనేవరకు సుయ్ మని ఒకటి కూత పెట్టింది. తెల్లటి పొగ చిమ్మింది. పక్కది పటాకు లెక్క ఎగిరి వడ్లల్ల పడ్డది. మల్లొకటి, మల్లొకటి. టార్పాలిన్ కరిగి ముడుచుకున్నది. వడ్లు పేలాలు పేలినట్టు పేలి నల్లబడ్డయి. బావ బీడీ పారేసి ఉరికిండు. ఎవరికి దొరికిన పారతోని వాళ్లు మట్టి కొట్టి, నీళ్లు కొట్టి, ఆఖరికి ఆర్పిండ్రు. ఒక సంచి మందం వడ్లు మాడిపోయినయి. ఆ కంపు, అబ్బ, మాడిన వడ్లది, ప్లాస్టిక్‌ది, ఆ తియ్యటిది, అన్ని కలిసి. కుక్క గూడ దగ్గరికి రాలె.

ఎవరికి దెబ్బలు తగలలె, దేవుని దయ. గని నోర్లు ఊకుంటయా? "ఆమె మిషన్ పేలింది" అన్నరు. ఆమె మిషనట! ఎండల పెట్టినాయన పేరు ఎవ్వరు ఎత్తలె. మా బావ గూడ తలకాయ ఊపుకుంట "నేను ముందునుంచే అంటున్న, అది మంచి మిషన్ కాదు" అన్నడు. ఒక్క మాట, "నేనే పెట్టిన" అనే ఒక్క మాట, ఆయన నోట్ల నుంచి రాలె. మేస్త్రి అయితె చేతులు జోడిచ్చిండు. "నాకద్దు తల్లీ నీ బాంబు మిషన్. మాకు దబ్బనాలున్నయి."

ఇగ నన్ను వడ్లు నేర్పే కాడికి తోలిండ్రు. వంగిన. మొదటి రోజే ఇంటికి గోడ పట్టుకొని పోయిన. రెండో రోజు లేవలె. మా అత్త చాయ్ ఇచ్చుకుంట "బ్యాటరీలు ఆడోళ్లకు ఎందుకొస్తయి బిడ్డా" అన్నది. నేను గోడ దిక్కు తిరిగి పన్న. కోపం కాదది. రోత. నా మీద గూడ కాదు, ఆ తెలివి మీద రోత.

నడుము జర ఆగంగనే మిషన్ సంచిల ఏసుకొని, పక్కకు నాలుగు ఖాళీ గోనెసంచులు చుట్టుకొని బాన్సువాడ బస్సెక్కిన. ముందుగాల రిపేరు దుకానుకే పోయిన, తిట్టనీకె. పోయేవరకు ఆయన పని చేస్తుండు. పాత లాప్‌టాప్ బ్యాటరీలు, కాలిపోయిన స్కూటర్ల బ్యాటరీలు కుప్ప పోసుకొని, ఇరగ్గొట్టి, లోపలి సెల్లులు తీస్తుండు. తుప్పు పట్టినయి, సొట్టలు పడ్డయి. పాత తోలు గోరుతోని ఒలిచి, కొత్త నీలం తోలు తొడిగి, ఎంట్రుకలు ఆరబెట్టే మిషన్‌తోని ఏడి గాలి కొడుతుండు. తోలు ముడుచుకొని కరుసుకుంటది. చేతుల కొత్త సెల్లు. శవానికి కొత్త చీర కట్టి పెండ్లిపిల్ల అన్నట్టున్నది. మూతులు దగ్గరగ చూస్తె పాత రేకులు పీకిన చోట చిన్న చిన్న గుంతలు కండ్లవడ్డయి. నాకు అమ్మింది గివే. తిట్టనీకె పోయిన మనిషిని, ఒక్క మాట గూడ తిట్టలె. ఆయన మొఖం చూసుడే నాకు అసయ్యమై బయటికొచ్చిన.

తర్వాత చెప్పులరిగేటట్టు తిరిగిన. ప్రతి దుకాన్ల ఒకటే పాట, "ఎంత నంబరు కావాలె అక్కా? ఇది ఎక్కువుంటది." నంబరద్దు, ఒక్కసారి ఎంత ఇడుస్తదో చెప్పమంటె ఒకడు నవ్విండు, ఒకడు "మీ ఆయనను తోలియ్యి" అన్నడు. ఆఖరికి డ్రిల్లు మిషన్లు, మందు కొట్టే పంపులు అమ్మే ఒక దుకాన్ల ముసలాయన డబ్బ తీసిండు. ఆ సెల్లుల మీద నంబరు చిన్నగున్నది, రెండున్నర వేలు. రంగు గూడ ఏదో బురద రంగు, మెరుపు లేదు. చేతుల పెడితె అంగట్ల ఎర్రదాని కన్న తేలిక. మా బావైతె చెయ్యి తగిలియ్యకనే పారేస్తుండె. నేను మూతులు తిప్పి తిప్పి చూసిన. సాపుగ ఉన్నయి, గుంతల్లేవు. ఇవి గట్టిగ గుంజినా తట్టుకుంటయని మీద రాసి ఉన్నది, చదువుకున్న. ఇంటర్ ఊకెనే చదవలె.

"ఏపిచ్చి ఇయ్యి. ఈడనే కుట్టి చూస్త" అన్న.

"దుకాన్ల గోనెసంచులు కుడ్తవా?"

"ఎందుకు కుట్టద్దు? చీర కొనేటప్పుడు మడత ఇప్పరా?"

ఏపిచ్చిండు. నేను నిల్చొని ఆ నాలుగు సంచులే మల్ల మల్ల కుట్టిన. మూతి కుట్టుడు, దారం లాగి ఊడదీసుడు, మల్ల కుట్టుడు. పీచు దుమ్ము లేచి ముసలాయన తుమ్ముకుంట బయటికి పోయిండు. గిరాకి ఎవరో వచ్చి తమాషా చూసుకుంట నిలవడ్డరు. నేను ఆపలె. మధ్యల మధ్యల డబ్బ మీద చెయ్యి పెట్టి చూసిన. గోరువెచ్చగున్నది, గంతే. గొంతు దిగలె. అప్పుడు పైసలిచ్చిన. మూడోసారి, అన్ని నా కూలి పైసలే.

సెంటర్ల మేస్త్రి ముందు రానియ్యలె. మబ్బులు పట్టినయి, లారీలు నిలవడ్డయి, దబ్బనాలతోని సాగుత లేదు, అప్పుడు రానిచ్చిండు. ఆ రోజు నేను కుట్టినట్టు ఆ సెంటర్ల ఎవ్వరు కుట్టలె. నేనే చెప్పుకుంట, ఎవరు చెప్తరు మరి? మిషన్ పాడినట్టు నడిచింది. తెల్లారి గూడ, ఆ తెల్లారి గూడ. మేస్త్రి పొగాకు ఇయ్యవచ్చిండు నాకు. "మంచిగ కుదిరింది చెల్లె మిషన్" అన్నడు.

మంచిగ కుదిరింది. అదే ముప్పయింది. మిషన్‌ను ఎప్పటి లెక్కనే ప్యాక్‌తోని సహా సంఘం గదిల పెట్టి పోతుండె. ఒక పొద్దు నేను సెంటర్‌కు పోయేవరకు నా మిషన్ మా బావ భుజానికి ఏలాడుతున్నది. కుడుతుండు. సంచి మూతి వంకర టింకర పోతున్నది, అయినా కుడుతుండు.

"ఏంది బావా?"

"నీ మంచికేనమ్మా" అన్నడు. నా మొఖం చూడలె. "మిషన్ బరువున్నది. నీ నడుముకు కష్టం. పొద్దుగాల లీడరమ్మ, మేస్త్రి, అందరం మాట్లాడుకున్నం. నువ్వు జర వడ్ల కాడ నీడకు కూసొని తాలు ఏరు."

లీడరమ్మ దిక్కు చూసిన. ఆమె కాంటా దిక్కు చూసింది. మేస్త్రి పొగాకు నలుపుతుండు. ఆగిపోయే మిషన్ నాది. పేలిన మిషన్ నాది. నడిచే మిషన్ ఆయనది! నా నడుము మీద వీళ్లకు ఎన్నడు లేని ప్రేమ, పావురం! వడ్లు నేర్పుమన్ననాడు ఏడికి పోయింది ఈ పావురం? ఛీ, మనుషులా వీళ్లు.

సీదా పోయిన. బావ కుడుతుండంగనే మిషన్ ఎనుక కొక్కెం నొక్కి ప్యాక్ ఊడగుంజిన. సూది సంచిల దిగబడి ఆగింది.

"ఏందిది!" అన్నడు.

"మిషన్ సంఘానిది, ఉంచుకోండ్రి. బ్యాటరీ నాది. లీడరక్కనే అన్నది, నీ పని సామాను అని."

"ఇంటి మనిషివి, ఇంట్లనే లెక్కలా?"

"ఇంటి మనిషినే. అందుకే ఇన్నొద్దులు ఊకున్న."

ప్యాక్ కొంగుల చుట్టుకొని లారీ నీడకు పోయి నిలవడ్డ. జుక్కల్ దిక్కు మబ్బు నల్లగ దిగుతున్నది. లారీ డ్రైవరు హారన్ కొట్టిండు. హమాలోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. దబ్బనాలు తీస్తరేమో అనుకున్న. ఒకడు తీసిండు గూడ, గని అన్ని సంచులను చూసి మల్ల జేబుల పెట్టుకున్నడు.

మేస్త్రి ఉమ్మేసిండు. "ఆమె మిషన్ ఆమెకియ్యి" అన్నడు బావతోని.

బావ చేతికియ్యలె. పట్టీ తీసి, మిషన్ వడ్ల మీద పెట్టి, తువాల దులుపుకొని పోయిండు. నేను వంగి తీసుకున్న. వంగినప్పుడు నడుముల కలుక్కుమన్నది, అయినా ఎవ్వరికి కనపడనియ్యలె. ప్యాక్ ఎక్కిచ్చి, వంకర కుట్టు ఇప్పి, ఆ సంచి కాడినుంచే షురువు చేసిన. వానకు ముందు అన్ని లోడ్ అయినయి.

అప్పటిసంది సాయంత్రం కాంగనే ప్యాక్ ఊడదీసి ఇంటికి తెచ్చుకుంటున్న, పొద్దుగాల తీస్కపోతున్న. ఈ వానకాలం కోతలకు గూడ లీడరమ్మనే ఫోన్ చేసింది. "రా చెల్లె, నువ్వు లేకుంటె సెంటర్ నడుస్తదా" అన్నది. వస్తనన్న. ఫోన్ పెట్టేసే ముందు, "వచ్చేటప్పుడు బ్యాటరీ మరిచిపోకు" అన్నది.